మంచి కోటు

"కోటు మాత్రం మంచిది," అన్నాడు మా ఆయన, పళ్ళ సందులోంచి చేపముల్లు లాక్కుంటూ. "నువ్వు మరక తీసేస్తే మా చెల్లెలి కూతురు వేసుకుంటుంది."

ముల్లు వచ్చింది. దాన్ని వెలుతురుకి పెట్టి చూసుకుని, కంచం అంచుకి రాశాడు. అన్న మాట చెవిలో పడింది కానీ లోపలికి వెళ్ళడానికి కొంతసేపు పట్టింది. ఆ కోటు మా అమ్మాయిది. ఆ మరక మా అమ్మాయి నెత్తురు. అమ్మాయి పోయి నెల తిరగలేదు.

"మన పిల్ల కొలతా దాని కొలతా ఒకటే," అంది అత్తగారు ఎదురు కుర్చీలోంచి. "ఊలు కోటు. చలికాలం ముందుంది. బీరువాలో పెట్టి పురుగులకి మేపుకుంటామా?"

"దానికి తెలియని పనా," అన్నాడాయన తల్లితో, నేను ఆ గదిలో లేనట్టు. "రోజూ ఊళ్ళోవాళ్ళవి తీస్తుందిగా. ఇంట్లోది ఒకటి తియ్యలేదా?"

అవును, నా పని మరకలు తియ్యడమే. బట్టల షాపుల వీధిలో ఒక డ్రైక్లీనింగ్ షాపు ఉంది. దాని వెనకగదిలో కిటికీ కింద ఒక బల్ల ఉంటుంది. దాన్ని మరకల బల్ల అంటాం. పెళ్ళికి ముందు ఆ బల్ల దగ్గర నిలబడ్డాను, ఇప్పటికీ అక్కడే నిలబడుతున్నాను. మా ఆయన తన స్నేహితులతో "మా ఆవిడ టెక్స్‌టైల్స్‌లో ఉంది" అని చెప్తాడు. అత్తగారు ఆ మర్యాద కూడా చెయ్యదు. "ఊళ్ళోవాళ్ళ మురికి పిసికిన చేతులు" అంటుంది. అవే చేతులు వడ్డిస్తే తింటుంది, తన లోపలిబట్టలు అవే చేతుల్లో పడేస్తుంది. షాపులో ఉతికే బట్టకి ఒక చీటీ ఉంటుంది, ఎవరిదో ఏమిటో రాసి ఉంటుంది, పని అయితే అయిందని ఉంటుంది. ఇంట్లో ఉన్నది ఒక బుట్ట. అది ఎప్పటికీ అవదు. ఆయన కాలర్ నల్లబడితే ఆ వారం పైఅధికారి అరిచినట్టు నాకు తెలుసు. జేబు దగ్గర నూనె అంటితే ఎవరో బయట తినిపించినట్టు తెలుసు, ఎవరని అడగను. నా గురించి ఆయనకి తెలిసింది ఒక్కటే. బుట్ట నిండిపోయి ఉంటే నాకు ఒంట్లో బాగోలేదని తెలుసుకుంటాడు. తెలుసుకుని, "ఇవాళ చొక్కా ఎలా మరి?" అంటాడు.

అమ్మాయికి ఉద్యోగం వచ్చిన కొత్తలో కొనుక్కుంది ఆ కోటు. బూడిదరంగు, పెద్ద గుండీలు. తను సంపాదించుకుని కొన్న మొదటి వస్తువు. "అమ్మా, దీని జోలికి మాత్రం రాకు. నీకు దేన్ని చూసినా ఉతకబుద్ధేస్తుంది," అని నవ్వింది. ఆ రోజు వాన పడి ఆగింది. ఆగిందని కోటు విప్పి చేతిమీద వేసుకుందట. కూడలి దగ్గర రోడ్డు దాటుతుంటే లారీ వెనక్కి వచ్చింది. చూసిన వాళ్ళలో ఎవరో ఆ కోటునే మడిచి తలకింద పెట్టారట. అందుకే అది ఎక్కడా చిరగలేదు. ఎవరు పెట్టారో ఇప్పటికీ నాకు తెలియదు. ఆసుపత్రి వాళ్ళు సంచిలో వేసి ఇచ్చారు. ఇంటికొచ్చాక ఆ సంచి విప్పి చూసింది మా అత్తగారు. విప్పి, "చిరగలేదు," అంది. ఆ రోజు అది విని, పాపం ఏమనాలో తెలియక అంటోందనుకున్నాను. తెలిసే అంది.

తరవాత మనుషులు రావడం మొదలైంది. వచ్చినవాళ్ళందరూ ముందుగదిలో ఆయన చుట్టూ కూర్చున్నారు. నేను వంటింట్లో టీ పెట్టాను. ఒకాయన గొంతు గోడ దాటి వినిపించింది. "ఆడవాళ్ళకేం, ఏడ్చేస్తే తేలికపడతారు. మగవాడే లోపల్లోపల కుళ్ళిపోతాడు." అందరూ అవునవునన్నారు. అప్పటికి నేను ఇంకా ఏడవలేదు. ఏడుపు గొంతుదాకా వస్తే పాలు అంచుదాకా వచ్చాయి, ముందు పాలు దించాను. కప్పులు తిరిగొచ్చాయి. అడుగున నానిపోయిన బిస్కెట్టు, అంచున పెదాల రంగు. ఒకావిడ కళ్ళు తుడుచుకున్న కాగితాన్ని తాగిన కప్పులోనే కుక్కింది. వేలు పెట్టి తీశాను. నా కూతురి కోసం కార్చిన కన్నీళ్ళలో నా చేతికి వచ్చింది అదే, చల్లటి టీలో ఉబ్బిన కాగితం.

మా ఆయన ఏడవలేదని అనను. ఏడ్చాడు. ఆయన ఏడ్చిన చేతిరుమాళ్ళు నేనే ఉతికాను.

షాపులో మా యజమాని మంచివాడని పేరు. నేను మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజే, "పనిలో పడితే మనసు మళ్ళుతుందమ్మా," అని రెండు చేతులనిండా బట్టలు తెచ్చి నా బల్ల మీద పోశాడు. ఆ రోజే ఒకావిడ పట్టు గౌను తెచ్చింది. ఛాతీ మీద ద్రాక్షసారా ఒలికింది. దాన్ని చూపిస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ప్రాణం పోయినంత పనైంది," అంది. నేను తల ఊపాను. మా యజమాని నావైపు చూసి చూపు తిప్పుకున్నాడు. మరక తీశాను. బాగా వచ్చింది.

కోటు సంగతి అంతటితో ఆగలేదు. ఆడపడుచు ఫోన్ చేసింది.

"వదినా, లోపల లైనింగుకి కూడా అంటిందా? లైనింగయితే ఏం ఫరవాలేదులే, మార్పించుకుంటాం. పైగుడ్డ బాగుంటే చాలు."

అంతలో గొంతు తగ్గించింది. "మా పిల్లకి మాత్రం చెప్పకు. జడుసుకుంటుంది. షాపులో కొన్నానని చెప్తాను."

ఫోన్ పెట్టేశాక చేతులు కడుక్కున్నాను. ఎందుకు కడుక్కున్నానో తెలియదు. ఆ పిల్ల చెడ్డది కాదు. ఆ పిల్లకి తెలియకుండా మా అమ్మాయి నెత్తురు కడిగిన గుడ్డని ఒంటిమీద కప్పుతారు, ఆ పిల్ల అద్దంలో చూసుకుని మురుస్తుంది, వీళ్ళంతా చుట్టూ చేరి ఎంత బాగుందో అంటారు. ఆ మురిపెంలో నన్నూ నిలబడమంటారు. అది తలుచుకుంటే నాలుక కిందికి చేదు ఊరేది.

ఒక్కసారి మాత్రం అన్నాను. ఆయన గడ్డం గీసుకుంటుంటే వెనక నిలబడి, "ఆ కోటు నేను ఉంచుకుంటానండీ," అన్నాను.

"ఎందుకు?" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే తెలియక అడిగాడు.

"అలాగే ఉంచుకుంటాను. ఎలా ఉన్నది అలా."

అద్దంలోంచి నన్ను చూశాడు. సగం మొహానికి నురగ. "మరక ఉంచుకుంటావా? చీమలు పడతాయి. చూడు, నాకు మాత్రం బాధ లేదా? వస్తువు వస్తువే. చెల్లెలికి మాటిచ్చాను. ఆదివారం వస్తుంది, అప్పటికి చేసిపెట్టు." నురగ కడిగేసుకున్నాడు. తొట్టి అంచున వెంట్రుకలు అలాగే వదిలేశాడు. తడిసి, నల్లగా, అంటుకుని ఉన్నాయి. ఇన్నేళ్ళుగా తుడుస్తున్నాను. ఆ రోజు మొదటిసారి వాటిని ముట్టుకోబుద్ధి కాలేదు. అయినా తుడిచాను. చెయ్యి తుడిచేసింది.

అసలు భయం నాకు ఆయన గురించి కాదు, నా చెయ్యి గురించే. అది నా మాట వినదు. శుక్రవారం కోటుని షాపుకి తీసుకెళ్ళాను. ఎందుకు తీసుకెళ్ళావంటే చెప్పలేను. ఇంట్లో ఉంచితే అత్తగారే బకెట్లో ముంచుతుందేమోనని భయం. మధ్యాహ్నం అందరూ తినడానికి వెళ్ళారు. సంచిలోంచి తీసి బల్లమీద పరిచాను. చూద్దామనే పరిచాను. ఎడంపక్క భుజం నుంచి వీపు మీదకి, నా రెండు అరచేతులంత మేర, ఎండి గట్టిపడి ఉంది. దానిమీద చెయ్యి పెట్టాను. ఎంతసేపు పెట్టానో. తరవాత ఏం జరిగిందంటే, నా కుడిచెయ్యి వెళ్ళి చన్నీళ్ళ సీసా అందుకుంది. ఎడంచెయ్యి అడుగున తెల్లగుడ్డ పెట్టింది. నేను చెయ్యమనలేదు. బట్ట బల్లమీద పడితే అవి చేసే పని అదే. అంచుమీద నాలుగు చుక్కలు చల్లి, పైన ఇంకో గుడ్డ పెట్టి అద్దాను. గుడ్డ తీస్తే గులాబీరంగు ఎక్కింది.

మరక తీసేటప్పుడు తెల్లగుడ్డకి రంగు ఎక్కితే మాకు ఒక సంతోషం ఉంటుంది. వస్తోంది, లొంగింది అన్న సంతోషం. ఆ సంతోషం నా వేళ్ళలోకి వచ్చింది. కూతురి నెత్తురు లొంగుతోందని నా వేళ్ళు సంతోషించాయి. తొట్టి దగ్గరకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. వాళ్ళమీద అసహ్యపడటం ఇన్నాళ్ళూ నాకు తేలికగా ఉండేది. ఆ రోజు నామీద నాకు పుట్టింది. ఇరవై నాలుగు గంటలూ ఒకరి మురికి తియ్యడానికే నన్ను తయారుచేశారు, నేనూ తయారయ్యాను. ఎంత బాగా తయారయ్యానంటే, నా బిడ్డ ఆఖరి గుర్తుని కూడా నా చేతులే కడిగేసేటట్టున్నాయి.

కోటుని సంచిలో పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది పొట్టి.

పొట్టి అంటే పొట్టిది కాదు. షాపు గుమ్మం తలకి తగిలేంత పొడుగు. అందుకే ఆ పేరు పెట్టాం. నేను మరకల బల్ల, తను ఇస్త్రీ. నన్ను మరకలరాణి అనేది, తరవాత ఒట్టి రాణి అయింది. మా అమ్మాయి చంటిపిల్లగా ఉన్నప్పుడు దుప్పట్ల గంపలో పడుకునేది. నేను బల్ల వదలలేకపోతే పొట్టే ఎత్తుకుని ఒక చేత్తో ఇస్త్రీ చేసేది. తరవాత తను మొగుణ్ణి వదిలేసింది. కొట్టేవాడు, వదిలేసింది, అంతకుమించి ఏమీ లేదు. మా ఇంట్లో అది పెద్ద విషయమైంది. "అలాంటిదాని సావాసం మనింటికి మంచిది కాదు," అన్నాడు మా ఆయన. ఒకరోజు పొట్టి వచ్చి టీ తాగి కప్పు పెడితే, తను ఇంకా చెప్పులు వేసుకుంటుండగానే అత్తగారు నాతో, "ఆ కప్పు రెండుసార్లు కడుగు," అంది. పొట్టి విన్నది. నావైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. "నా మూలాన నీకు పని పెరుగుతోందే రాణీ," అంది. అంతే, మళ్ళీ రాలేదు. షాపు మారి ఆసుపత్రి లాండ్రీలో చేరింది. దారిలో ఎప్పుడైనా కనిపిస్తే వీలు చూసుకుని రమ్మని ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. వీలు నాకెప్పుడూ లేదు, చూసి ఇచ్చేవాళ్ళూ లేరు. అమ్మాయి పోయినప్పుడూ తను రాలేదు. అది నన్ను గుచ్చుతూనే ఉంది.

అయినా మర్నాడు వెళ్ళాను. నెత్తురు మరకల్లో తనని మించినవాళ్ళు లేరు, రోజూ అదే పని. నా చేతులతో చెయ్యలేను, తను చేసిపెడుతుంది, ఆదివారానికి ఇచ్చేస్తే ఈ గొడవ వదిలిపోతుంది. అబద్ధం ఎందుకు, అలాగే అనుకుంటూ వెళ్ళాను.

ఆసుపత్రి వెనక, వంటశాల దాటాక, ఆవిరి పొగలు కక్కే గొట్టం ఉన్న కట్టడం. లోపల మనిషంత ఎత్తు యంత్రాలు తిరుగుతున్నాయి. పొట్టి పెద్ద ఆవిరి ప్రెస్సు దగ్గర నిలబడి దిండుగలీబులు ఒత్తుతోంది. నన్ను చూసింది. పెడలు మీద కాలు అలాగే ఉండిపోయింది. గలీబు మాడిన వాసన వచ్చాక కాలు తీసింది.

"లావయ్యావు," అంది.

"నువ్వింకా పొట్టిగానే ఉన్నావు," అన్నాను.

తన మొహం నవ్వబోయి ఆగిపోయింది. పక్కన పనిచేసే ఆవిడతో "కాస్త చూస్తుండు" అని చెప్పి, నన్ను గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చోబెట్టింది. తను కూర్చోలేదు.

"నేను రాలేదని అనుకుంటున్నావు కదూ," అంది.

"అనుకున్నాను."

"వచ్చాను. మీ గేటు బయటదాకా వచ్చి నిలబడి వెళ్ళిపోయాను. మీ అత్తకి భయపడి కాదు." చేతులు చూసుకుంది. మణికట్టు దగ్గర కాలిన మచ్చలు, పాతవీ కొత్తవీ. "అది జరిగిన రోజు మధ్యాహ్నం షిఫ్టు నాదే. అత్యవసర వార్డు నుంచి ఎర్రసంచీ వచ్చింది. నెత్తురు బట్టలకి ఎర్రసంచీ. ఎవరివో ఏంటో మాకు చెప్పరు, మేం అడగం. విప్పి దుప్పటి తీసి చన్నీళ్ళ తొట్టిలో వేశాను. అదిగో ఆ పక్కనున్న ఆవిడతో కబుర్లు చెప్తూ వేశాను. ఏదో జోకు కూడా వేశాను రాణీ. మర్నాడు పేపర్లో మనమ్మాయి ఫోటో చూశాను, మా ఆసుపత్రికే తెచ్చారని రాశారు."

యంత్రాల మోతలో కూడా నాకు ప్రతి మాటా వినపడింది.

"ఈ చేత్తో ఎత్తుకున్నాను దాన్ని," అంది. "ఈ చేత్తోనే కడిగేశాను. ఎలా రాను? వచ్చి నీకేం చెప్పను?"

సంచి తనవైపు తోశాను. తీసి చూసింది. చూడగానే తెలిసింది తనకి, అడగలేదు. గులాబీరంగుకి తిరిగిన అంచుని వేలితో తడిమింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆదివారం, ఆడపడుచు, కొలతలు, లైనింగు, పిల్లకి చెప్పకపోవడం. చెప్తుంటే నాకే వింతగా ఉంది. ఇంట్లో మామూలుగా వినిపించిన మాటలు, అక్కడ ఆ ఆవిరిలో ఒక్కొక్కటీ కంపు కొట్టాయి. అంతా విన్నాక తను పక్కకి తిరిగి కాలువలోకి ఉమ్మేసింది.

"నన్ను కడగమని తెచ్చావా?"

"నా వల్ల కాలేదు పొట్టీ."

"ఒకసారి నాకు తెలియక కడిగాను," అంది. "తెలిసి కడగను."

కోటు మడిచి నా ఒళ్ళో పెట్టింది. పెట్టి, బెంచీ మీద కూర్చుంది. "వాళ్ళకేం కావాలో చెప్పావు. చెల్లికేం కావాలి, తల్లికేం కావాలి, ఆయనగారు ఎవరికేం మాటిచ్చారు, అన్నీ చెప్పావు. నీకేం కావాలి?"

ఇది పెద్ద ప్రశ్నేమీ కాదు. కానీ అమ్మాయి పోయిన దగ్గర్నుంచి, అంతకుముందు కూడా, ఆ మాట నన్నెవరూ అడిగిన గుర్తు లేదు. కూరలో ఉప్పు చాలా అని అడిగారు. చొక్కా ఆరిందా అని అడిగారు. నేను జవాబు కోసం వెతుక్కున్నాను. వాడని గదిలో వస్తువు వెతుక్కున్నట్టుంది.

"ఇది పోకూడదు," అన్నాను చివరికి. "ఎవరు కడిగినా పోకూడదు. నేను కడిగినా."

పొట్టి నావైపు చూసింది. తరవాత ప్రెస్సు వైపు చూసింది. "అయితే ఎంతసేపు," అంది. "వేడిగానే ఉంది."

మా పనిలో నేర్పే మొదటి పాఠం అది. నెత్తురుకి వేడి చూపించకూడదు. చన్నీళ్ళకి ఎంత పాత మరకయినా ఓపికుంటే వస్తుంది. వేడి తగిలిందా, గుడ్డలో ఉడికి పోగుపోగునా పాతుకుపోతుంది, ఇంక ఏ మందుకీ రాదు. కొత్తగా చేరినవాళ్ళు చేసే తప్పు. ఆ తప్పు చేసినందుకు ఒకమ్మాయిని మా షాపులోంచి నిలుచున్న పళంగా పంపించేశారు. జీవితమంతా నేను చెయ్యకుండా జాగ్రత్తపడ్డ తప్పు అది.

చేశాం. తప్పుని కూడా పనిలాగానే చేశాం, మాకు ఇంకోలా చేతకాదు. మరక మీద తడిగుడ్డ పరిచాను. పొట్టి భుజం కుట్టు నలగకుండా సర్దింది. "నువ్వే తొక్కు," అంది. పెడలు తొక్కాను. మూత దిగింది, బుస్సుమని ఆవిరి లేచింది. ఆ వాసన బాగుందని చెప్పను. తడిసిన ఊలు, ఇనుము, ఇంకేదో. నేను మొహం తిప్పుకోలేదు. మూత ఎత్తితే మరక ముదురు గోధుమరంగుకి తిరిగి, గుడ్డలో గుడ్డయిపోయి ఉంది. ఇంకోసారి ఒత్తాం, వీపు పక్క కూడా. గోటితో గీరి చూశాను. రాలేదు. ఆ వేళ్ళే, నిన్న సంతోషించిన వేళ్ళే, ఇప్పుడు ఊరుకున్నాయి.

అప్పుడొచ్చింది ఏడుపు. ఒత్తి పెట్టిన దుప్పట్ల దొంతర ఇంకా వెచ్చగా ఉంది, అందులో మొహం పెట్టుకుని ఏడ్చాను. గొంతు పోయేలా ఏడ్చాను. యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి, ఎవరూ ఊరుకోమనలేదు. పొట్టి నా వీపు మీద చెయ్యి వేసి, తనూ నిలబడే ఏడ్చింది.

"ముక్కు కూడా చీదుకో," అంది కాసేపటికి. "ఎలాగూ మళ్ళీ ఉతకాల్సిందే."

ఏడుపులోంచి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు మళ్ళీ ఏడుపొచ్చింది. వెళ్ళేటప్పుడు గేటుదాకా వచ్చి, "ఆదివారం నాకు సెలవు. ఇంట్లోనే ఉంటాను. ఈ గోడ వెనకే, మేడమీద గది. వీలు చూసుకుని రమ్మని చెప్పను, రా," అంది.

ఆదివారం మధ్యాహ్నం ఆడపడుచు వచ్చింది. కోటు నలగకుండా తీసుకెళ్ళడానికి హ్యాంగరు, ప్లాస్టిక్ తొడుగు కూడా తెచ్చుకుంది. భోజనాలయ్యాయి. నేను వడ్డించాను, నేను ఎత్తాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఏదీ, తీసుకురా," అన్నాడు. షాపుకొచ్చినవాళ్ళు కూడా నాతో ఇంకాస్త మర్యాదగా అంటారు.

తెచ్చి బల్లమీద పరిచాను. ఆడపడుచు ముందు గుండీలు చూసింది, కాలర్ చూసింది, అస్తరు లోపల వేళ్ళు పెట్టి చూసింది. వెనక్కి తిప్పింది.

"ఇదేంటి వదినా, అలాగే ఉందే. ఇంకా ముదిరినట్టుంది."

"పోలేదా?" అన్నాడు ఆయన.

"పోదు."

"పోదంటే? ఇన్నేళ్ళుగా అక్కడ ఏం వెలగబెడుతున్నావు నువ్వు?"

"పోలేదు కాదండీ," అన్నాను. "పోకుండా చేశాను."

ముగ్గురూ నావైపు చూశారు. ఆ ఇంట్లో ముగ్గురూ ఒకేసారి నావైపు చూడటం అరుదు. నేను ఏదో పడేసినప్పుడు చూస్తారు.

"కావాలనా?" అంది అత్తగారు.

"కావాలనే. ఆవిరి పెట్టి ఒత్తాను. ఇంక ఎవరు కడిగినా రాదు. ఆ పిల్లకి నిజం చెప్పి, అది వేసుకుంటానంటే ఇవ్వండి."

ఆడపడుచు మొహం మాడిపోయింది. కోటుని తాకిన వేళ్ళని చూసుకుని, బల్లమీద ఉన్న గుడ్డకి తుడుచుకుంది. ఒక్కో వేలూ విడివిడిగా. ఆ గుడ్డని రెండు వేళ్ళతో ఎత్తి తీసుకెళ్ళి నా బుట్టలో పడేసింది. మొన్నటిదాకా లైనింగు మార్పించుకుంటే చాలన్న మనిషి.

"నాకిప్పుడు చెల్లెలి ముందు తలవంపులు," అన్నాడు ఆయన. "మాటిచ్చి." కూతురు పోయినప్పుడు కూడా ఆయన గొంతులో అంత బాధ నాకు వినపడలేదేమో. లేక అప్పుడు నేను వంటింట్లో ఉన్నానేమో. "సరే, పాడుచేశావుగా. ఆ దరిద్రాన్ని ఇంట్లో మాత్రం ఉంచకు. తీసుకెళ్ళి అవతల పారేయ్."

"నెత్తురు మరక ఇంట్లో పెట్టుకుంటారా ఎవరైనా," అంది అత్తగారు. "చూస్తేనే కడుపులో తిప్పుతోంది."

పనికొచ్చినంతసేపు మంచి కోటు. పనికిరాకపోతే దరిద్రం. నేను వాళ్ళ ముగ్గురినీ ఒకరి తరవాత ఒకరిని చూశాను. మా ఆయన గడ్డం కింద నూనె మెరుస్తోంది. అత్తగారు నాలుకతో పన్ను కెలుక్కుంటుంటే బుగ్గ పొంగి ఉంది. ఆడపడుచు ప్లాస్టిక్ తొడుగు మళ్ళీ మడత పెట్టుకుంటోంది, ఇంకో దానికి పనికొస్తుందని. వాళ్ళకి కడుపులో తిప్పుతోందట. నాకు మాత్రం చాలా రోజుల తరవాత తిప్పడం ఆగింది.

కోటు తీసి వేసుకున్నాను. చేతులు వేళ్ళదాకా వచ్చాయి, భుజాల దగ్గర బిగుతుగా ఉంది. మరక నా వీపు మీదకి వచ్చింది. నాకు కనిపించదు, చూసేవాళ్ళకి కనిపిస్తుంది. పెద్ద గుండీలు ఒక్కొక్కటీ పెట్టుకున్నాను.

"ఏంటది, పిచ్చిదానిలా," అన్నాడు ఆయన. "విప్పు. ఎవరైనా చూస్తారు."

"చూడనివ్వండి."

"ఎక్కడికి?"

"పొట్టి ఇంటికి."

"ఆ మొగుణ్ణి వదిలేసినదాని దగ్గరికా," అంది అత్తగారు.

"ఆవిడ దగ్గరికే," అన్నాను.

ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. తలుపు తీసుకుని బయటికి వచ్చాను. సాయంత్రానికి తిరిగి వస్తానో రానో గడప దాటేటప్పటికి నాకు తెలియదు. నిజంగా ఆలోచించుకోలేదు. మెట్లు సగం దిగాను. అప్పుడు పైనుంచి ఆయన గొంతు వినిపించింది. కోటు గురించి కాదు, అమ్మాయి గురించి కాదు, నా గురించీ కాదు. మరి రాత్రికి వంటెవరు చేస్తారని అడుగుతున్నాడు.

అప్పుడు తెలిసింది.